నాగవ్వ ఇన్న ఇంజన్

బంద్ చెయ్యకు మధూ, నడవనియ్యి. నేను కొలత తీసుకునేదాక నడవనియ్యి. టాపు కుట్టుడు ఎప్పుడైన కుట్టొచ్చు, గిసొంటి పాత పెట్రోల్ జీపు సప్పుడు ఇప్పుడు యాడ దొరుకుతది. అగో, ఇన్నవా? మంచిగనే పోయి పోయి నడుమ ఒక్కటి మింగుతది. మిస్ కొడ్తుంది నీ బండి. ప్లగ్గులు మార్చినవా? మార్చిన అంటవు. కార్బొరేటర్ కడిగించినవా? అదీ అయిందంటవు. మల్ల నాకేం తెలుసు బిడ్డా, నేను సీట్లు కుట్టెటోన్ని, నన్నడిగితె రెగ్జిన్ సంగతి అడుగు. ఇంజన్ల సంగతి ఆశన్నకు ఎర్క. గా మొబైల్ దుకాణం ఉన్నది సూడు, దాని జాగల ఉండె ఆశన్న షెడ్డు. నీకెట్ల ఎర్కయితది, నువ్వు పుట్టకముందటి ముచ్చట. మీ బాపును అడుగు, వర్ని దిక్కు జీపులన్నీ గాడికే వస్తుండె.

అప్పుడు బోధన్ వేరే ఉండె. చెరుకు సీజన్ల గీ రోడ్డు మీద ఎడ్లబండ్లు ఒకదానెనుక ఒకటి నిలవడి ఉంటె, ఈ కొసకెల్లి ఆ కొస కనవడకపోయేది. ఫ్యాక్టరీల రసం కాగుతాంటె ఊరంత తియ్యగ వాసనొస్తుండె. పొద్దుగాల లేస్తె ఆవిరి, మంచు కలిసిపోయి ఏది ఏదో తెల్వకపోయేది. మా నాయిన దెగ్లూర్ దిక్కుకెల్లి ఒక్క మిషిన్ నెత్తిన పెట్టుకొని వచ్చిండు గీడికి. ఆ వాసనకే ఉండిపోయిన అంటుండె. ఒక్కొక్కపారి నాకు ఇప్పటికీ వస్తది ఆ వాసన. ఫ్యాక్టరీ బందయ్యి గిన్నేండ్లాయె, యాడికెల్లి వస్తదో మరి. ఏమంటున్న నేను? ఆఁ, ఆశన్న. పొడుగు మనిషి. మాట తక్కువ. పేచ్‌కస్, గదే స్క్రూడ్రైవర్, దాని మొన ఇంజన్‌కు ఆనిచ్చి, పిడి చెవుకు పెట్టుకొని కండ్లు మూస్తుండె. మనమేదో రేడియో ఇన్నట్టు ఇంటుండె ఆయన. ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి మల్ల పెడ్తుండె. నాక్కూడ చెప్పిండు ఓపారి, 'ఆత్మారాం, వైరు తీస్తె ఇంజన్ సప్పుడు మారిందనుకో, ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. తీసినా ఏం ఫరక్ పడలేదా, చచ్చింది అదే' అన్నడు. గంతే, చాన సులువు అన్నట్టు.

మల్ల ఒక వానకాలం జరమొచ్చింది ఆయన్కు. పెద్ద జరం. నిజామాబాద్ దవాఖాన్ల పండవెట్టిండ్రు. బతికి వచ్చిండు గని, ఒక చెవు పోయింది. తర్వాత మెల్లమెల్లగ రెండోది కూడ. ఎవ్వలకు చెప్పలే. నాకెట్ల తెలిసిందంటవా? ఒకనాడు పగటీలి గీ రోడ్డు మీద లారీ టైరు పగిలింది. బాంబు ఏసినట్టయింది. నేను మిషిన్ మీదికెల్లి ఎగిరిపడ్డ, ఎడ్లు బెదిరినయి, హోటల్ల చాయ్ తాగెటోల్లు బయటికి ఉరికిండ్రు. ఆశన్న మాత్రం బానెట్ కింద వంగి, బోల్టు తిప్పుకుంటనే ఉన్నడు. తల్కాయ సుత తిప్పలే. కుట్టుడు ఆపి ఆయన్నే సూసుకుంట కూసున్న. ఇంజన్ మెకానిక్‌కు చెవులు పోతె ఇగ ఏం మిగిలింది చెప్పు? చెయ్యి పెడితె ఒణుకు తెలుస్తది, నిజమే. గని పాత జీపంటే ఒళ్లంత ఒణుకుడే, అండ్ల తప్పిన ఒణుకు ఏదో ఎట్ల పట్టాలె. ఒకటి రెండు బండ్లు బాగుకాలే. గిరాకీలు గొనుగుడు షురూ చేసిండ్రు. 'ఆశన్నకు గర్వమొచ్చిందిరా, పిలిస్తె పలుకుతలేడు' అని. గర్వం కాదు అని నా నాలుక మీదికి వచ్చేది. ఆయన దాసుకున్నదాన్ని నేనెట్ల చెప్తా?

నాగవ్వ వదినె అంటె ఆయన భార్య. ఇంట్ల బీడీలు చుడుతుండె, పగటీలికి టిఫిన్ గిన్నె పట్టుకొని వస్తుండె. ఇంట్ల మనిషి గద, ఆమెకు అప్పటికే తెలిసే ఉంటది, ఇద్దరు ఒకల్లకొకల్లు తెల్వనట్టే ఉండిండ్రేమో. ఆ దినం ఒక జీపు నడుస్తుంది, ఆయన బానెట్ మీద రెండు చేతులు ఆనిచ్చి, మొఖం కిందికేసుకొని నిలవడ్డడు. నేను ఈడికెల్లి సూస్తున్న. ఆమె వచ్చింది, గిన్నె కింద పెట్టింది, కొద్దిసేపు ఆయన్ని సూసింది, బండిని సూసింది. ఎనుకకెల్లి పోయి ఆయన భుజం మీద వేలితోని కొట్టింది. టక్, టక్, టక్, ఆగింది, మల్ల టక్. ఇంజన్ ఎట్లంటుందో గట్లనే. బీడీలు చుట్టే వేళ్లు, తప్పుతయా. ఆయన తిరిగి సూడలే. కండ్లు మూసిండు. ఒక వైరు తీసిండు, ఆమె వేలు మారింది. అది పెట్టి ఇంకోటి తీసిండు, మల్ల మారింది. మూడోది తీసిండు, ఆమె వేలు ముందటి తీర్గనే కొట్టుకుంట పోయింది. 'ఇదే' అన్నడు ఆశన్న. ఇద్దరు కూసొని అన్నం తిన్నరు. నేను సూడనట్టు మిషిన్ తిప్పిన.

ఇగ దినాం గదే. ఎవరన్న అడిగితె, 'ఆయన్కు భుజం నొప్పి, ఒత్తుతున్న' అంటుండె ఆమె. నవ్వుతుండ్రి జనం. 'ఏం ప్రేమ వదినే, నడి రోడ్డు మీద' అంటుండ్రి. ఆమె మొఖం ఎర్రగయ్యేది, చెయ్యి మాత్రం తియ్యకపోయేది.

గప్పుడే దాసు జీపు వచ్చింది. దాసు భీమ్‌గల్ మనిషి, దేవుని బిడ్డ, ఆదివారం చర్చి తప్పడు. సిరికొండ అవుతల అడివిల ఊర్లకు జీపు నడుపుతుండె. బస్సు పోని ఊర్లు. రోగమొచ్చినా, కాన్పయినా దాసు జీపే. ఆ బండికొక రోగం. షెడ్డుల మంచిగ నడుస్తది, గుట్టల్లకు పోయినంక దగ్గుకుంట దగ్గుకుంట ఆగిపోతది. కొద్దిసేపైనంక మల్ల ఏం కానట్టు స్టార్ట్ అయితది. అందరు చేతులెత్తేసిండ్రు. 'తుక్కు కింద కబాడికి అమ్ముకో దాసన్నా' అన్నరంట. దాసు నా సీటు మీద కూసొని చెప్పిండు, కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి, 'మొన్న ఒక పిల్లను కాన్పుకు తోల్కపోతున్న ఆత్మారామన్నా, అడివి నడుమ ఆగింది బండి. బండి లోపట్నే కన్నది. తల్లి బిడ్డ బతికిండ్రు, యేసయ్య దయ. ఇంకోపారి గట్లయితె నేను స్టీరింగ్ పట్ట'. ఆశన్న ఆయన మూతినే సూస్తున్నడు. ఎంత అర్థమయ్యిందో. వైర్లు తీసి సూసిండు, నాగవ్వ వదినె కొట్టింది. నాలుగు సిలిండర్లు మంచిగనే. షెడ్డుల అది రోగం సూపిస్తలేదు మరి. ఆశన్న వదినెను సూసిండు, 'ఎక్కు' అన్నడు.

ఆమె ఎన్నడు జీపు ఎక్కలే. చీర కొంగు నడుముకు చెక్కుకొని ముందట కూసున్నది. ఆశన్న తోలుతున్నడు, నేను, దాసు ఎనుక. వర్ని దిక్కు కాలువ గట్టు మీద పోతున్నం. చెరుకు పూత మీదుండె. నువ్వు సూసి ఉండవు గట్ల. ఇరుదిక్కుల తెల్లటి పూత, ఎండ తల్గుతె వెండి తీర్గ, గాలికి అంత ఒక్కతాన వంగి ఒక్కతాన లేస్తది. బండి దాని నడుమకెల్లి పోతాంటె భూమి మీద ఉన్నట్టే అనిపియ్యలే నాకు. వదినె చెయ్యి ఆశన్న భుజం మీదుంది, సాపుగ కొడ్తుంది. కాలువ మలుపు దాటినంక ఆమె వేలు దెబ్బ తప్పుడు షురూ చేసింది. ఒక్కపారి, మల్ల ఒక్కపారి. గా దగ్గుడే. ఆశన్న తల ఊపిండు. కొంచెం దూరం పోయినంక వదినె చెయ్యి మొత్తానికే ఆగింది. ఆయన బ్రేక్ ఏసి ఇంజన్ బంద్ చేసి, 'ఏమైంది, ఆగిపోయిందా?' అన్నడు. ఆమె బయటికి సూస్తున్నది. 'చెరుకు ఎట్ల పూసిందో' అన్నది. ఆయన్కు ఇన్పియ్యలే, ఆమె సూసే దిక్కు సూసిండు. ఇగ ఇద్దరు సూసుడే. దాసు ఏమో అనబోతె నేను చెయ్యి పట్టి ఆపిన. ఎంతసేపు కూసున్నమో నాకు యాదికి లేదు. నీళ్లు పోతున్నయి కాలువల, కొంగలు లేస్తున్నయి.

మల్ల స్టార్ట్ చేస్తె బండి పెండ్లికి పోయినట్టు నడిచింది. వదినె వేళ్లు సాపుగ కొడ్తున్నయి. ఆశన్న మొఖంల ఏదో ఎలిగింది. నడుస్తున్నంక దగ్గుడు, సల్లవడ్డంక మంచిదవుడు. అంటే వేడికి ఏదో సొమ్మసిల్లుతుంది. బండి వేడెక్కేదాక అటిటు తిప్పిండు. దగ్గుడు షురూ కాంగనే ఆపి, ఇంజన్ నడుస్తుండంగనే బానెట్ లేపిండు. తువ్వాల కాలువల ముంచి పిండి పెట్రోల్ పంపు మీద పరిచిండు. వదినె ఎనుక నిలవడి కొడ్తనే ఉంది, నడుమ నడుమ దెబ్బ తప్పుతనే ఉంది. 'పంపు కాదు' అన్నడు. మల్ల ముంచి పిండి, కాయిల్ ఉంటది గద, కరెంటు పంపేది, దాని ఒంటికి సుట్టిండు. కొద్దిసేపు ఏం లేదు. మెల్లగ వదినె వేలుల ఒక్క తప్పు తగ్గింది. ఇంకోటి తగ్గింది. తర్వాత సాపు. టక్ టక్ టక్ టక్. ఆయన కండ్లు మూసుకొని గట్లనే నిలవడ్డడు, తువ్వాలకెల్లి ఆవిరి లేస్తుంది.

దాసు ఆయన చేతులు పట్టుకున్నడు, 'ఎట్ల పట్టినవన్నా, ఎవ్వలు పట్టలేంది' అని. ఆశన్న ఎటన్న సూసి తప్పించుకుంటడనుకున్న నేను. తప్పించుకోలే. 'నాకు ఇన్పియ్యదు దాసూ' అన్నడు, కొంచెం గట్టిగనే. 'రెండు చెవులు లేవు. ఇన్నది గామె.' వదినె కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. ఏడ్సిందో నవ్విందో, నేను అటు దిక్కు తిరిగిన. దాసు ఆశన్న చేతులు ఇడిచిపెట్టి ఆమె ముందటికి పోయి, 'అక్కా, కొత్త కాయిల్ ఏసినంక నువ్వే ఇని చెప్పాలె, అప్పుడే తోల్కపోత' అన్నడు. గంతే. ఆ దినంకెల్లి భుజం నొప్పి ముచ్చట లేదు. బోధన్ల జీపులోల్లు షెడ్డుకు వస్తె, 'నాగవ్వ ఉన్నదా' అని అడిగి బానెట్ లేపుతుండ్రి. దాసు జీపు గుట్టల్ల చాన ఏండ్లు తిరిగింది, ఎంతమందిని దవాఖానకు చేర్చిందో.

తర్వాతనా? తర్వాత ఇద్దరు ముసలోల్లైండ్రు. డీజిల్ బండ్లొచ్చినయి, షెడ్డు మూసిండ్రు. ఆశన్న మాపటీలి వచ్చి గీ బల్ల మీద కూసుంటుండె. ఒకనాడు మెల్లగ అడిగిండు, 'ఆత్మారాం, ఒక మాట అడుగుత, నవ్వకు. నాగవ్వ గొంతు ఇప్పుడు ఎట్లున్నది? నాకైతె పెండ్లైన కొత్తల గొంతే యాదికుంది. ఆమె మూతి కదిలితె నా తల్కాయల గదే ఇన్పిస్తది. మేం ముసలోల్లమైనం గని గొంతు ఆడ్నే ఆగింది. నిజంగ ఎట్లైందో చెప్పు.' ఆయన్కు ఇన్పియ్యదు, సదువు రాదు, గొంతుకు ఏం సైగ చేస్త. మిషిన్ మీద కొత్త కాన్వాస్ ఉండె, ఒక ముక్క కోసి చేతుల పెట్టిన. గట్టిగ, బిరుసుగ ఉంటది గద, ముట్టుకుంటె సప్పుడొస్తది. ఆయన పట్టి సూసి, 'ఇది అప్పటిదా' అన్నడు. అవునని తల ఊపిన. కింద పాత కాన్వాస్ టాపు ఒకటి పడి ఉండె, ఎన్ని ఎండలు ఎన్ని వానలు తిన్నదో. దానికెల్లి ఒక ముక్క చింపి ఇచ్చిన. రెండు వేళ్ల నడుమ పెట్టి చాన సేపు రాసి సూసిండు. 'గింత మెత్తగైందా' అన్నడు. తల ఊపిన. కొత్తది నాకు వాపస్ ఇచ్చిండు. పాతది అంగి జేబుల పెట్టుకొని ఇంటికి పోయిండు.