రేపు పంపాల్సిన చిప్

వంటింటి బల్ల దగ్గర కోడలు లాప్‌టాప్ మూసేసింది. ఎదురుగా అత్తగారు బఠాణీలు ఒలుస్తున్నారు.

"ఏమైందే?"

"నేను గీసిన చిప్ బొమ్మను రేపు ఫ్యాక్టరీకి పంపనత్తయ్యా. వెనక్కి తీసేసుకుంటాను."

"ఆర్నెల్లు గీశావు కదే!"

"ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గీసేవాళ్లం ఒకరి బొమ్మ ఒకరికి చూపించుకుంటాం. ఎవరో నా తప్పు పట్టుకున్నారు. ఒకేలా పనిచేయాల్సిన రెండు ట్రాన్సిస్టర్లను దూరంగా పెట్టాను. ఒకటి ఎక్కువ వేడెక్కితే లెక్కంతా తప్పుతుంది. ఉద్యోగంలో ఉండగా దీనికే కొత్తవాళ్లను తిట్టేదాన్ని. పదేళ్లు ఇంట్లో కూర్చుని బుర్ర తుప్పు పట్టింది."

"ఆ తప్పు పట్టినాయన తిట్టాడా?"

"లేదు. ఎక్కడ పెట్టాలో గీసి పంపాడు. మూడు రోజులు కూర్చుని మొత్తం చూశాడట."

"మూడు రోజులా! నా కొడుకు నా కూర వంక మూడు క్షణాలైనా చూడడు."

"నవ్వించకండి."

"పనికిరాని దాని ముందు ఎవరైనా మూడు రోజులు కూర్చుంటారా, పిచ్చిదానా? తెరువు."

కోడలు లాప్‌టాప్ తెరిచింది.

"మీరిలా పక్కకు రండి. ఒక్కో ట్రాన్సిస్టర్ జంటా ఎక్కడుందో పైకి చదువుతాను. పైకి చదివితే నా తప్పు నాకే వినిపిస్తుంది."

"నాకేం అర్థమవుతుందే?"

"కూర్చుంటే చాలు."

"అయితే గట్టిగా చదువు. ఈ చెవికి సరిగ్గా వినపడదు."