ఆయిల్ తెలిసిన చెవి

కంపెనీ ముద్ర ఉన్న ఇంజిన్ ఆయిల్‌కీ, బజారు ఆయిల్‌కీ తేడా తన చెవికి కాక ఇంకెవరికి తెలుస్తుంది అనుకుంటూ, ఆయన కారు స్టార్ట్ చేసి, రోజూలాగే దిగొచ్చి బానెట్‌కి చెవి ఆనించాడు. భార్య పక్కనే నిలబడింది.

"విన్నావా? వెన్నలా నడుస్తోంది. కంపెనీ ఆయిలంటే అదీ."

"ఇవాళ నేను నడుపుతానండీ. లైసెన్సు వచ్చి ఏడాదవుతోంది."

"లైసెన్సుంటే సరా? ఇంజిన్ మాట వినే చెవి ఉండాలి. అది నీకు లేదు."

"మొన్న మీరు ఊరెళ్ళినప్పుడు ఆయిల్ మార్పించింది నేనేగా. వీధి చివర కొట్లో కొన్నది పోయించాను. గ్రేడు ఒకటే అయితే ఏదైనా ఒకటేనట."

"అదీ సంగతి! పొద్దుట్నుంచీ ఒకటే గరగర. నువ్వు కంగారు పడతావని ఊరుకున్నా."

"వెన్నలా ఉందన్నారు?"

"పైకి వెన్నే. లోపల గరగర."

"అబ్బే, ఊరికే అన్నానండీ. కంపెనీదే పోయించా. ఇదిగో, ఖాళీ డబ్బా."

"చూశావా, గరగర తగ్గింది కూడా!"

"డబ్బా చూసి తగ్గిందా?"

ఆయన మళ్ళీ చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"నిజం చెప్పవే. ఇందులో ఉన్నది ఏది?"

"చెవి మీది. మీరే చెప్పాలి."

ఆయన లేచి, చెవి తుడుచుకుని, వెళ్ళి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.