రాయరుగారి ఆర్గన్ కచేరీ

జార్జి టౌన్‌లో ఒక పాత చర్చి. లోపల ఆర్గన్ కచేరీ సాగుతోంది. పైన గొట్టాల ఆర్గన్ ఉండే మేడకు పోయే మెట్ల తలుపు ముందు మైలాపూరు సంగీత సభ సెక్రటరీ శేషాచలం, ఆ చర్చిలో ఆదివారాలు ఆర్గన్ వాయించే జెబ.

"తలుపు తియ్యి జెబమ్మా. శాలువా కప్పేసి రెండు నిమిషాల్లో దిగొచ్చేస్తాం."

"పాట మధ్యలోనా సార్? అయిపోనీండి."

"మా సభలో ఆలాపన మధ్యలోనే కప్పుతాం. విద్వాంసుడు ఫొటోకు నవ్వతానే పాడతాడు."

"ఆర్గన్‌కు చేతులు రెండూ, కాళ్ళు రెండూ కావాల సార్. శాలువా జారి కాళ్ళకు చుట్టుకుంటే?"

"చుట్టుకోనీ! ఆడ చీఫ్ గెస్టు బాలమురుగన్ సారు వాచీ చూసుకుంటా ఉండారు. ఇంకో రిసెప్షన్‌కు పోవాలంట. ఆయన చేత్తో పైన వాయించే ఫ్రెంచి దొరకు శాలువా పడకుంటే, పేపర్లో ఫొటో రాకుంటే, వచ్చే నెల ఎన్నికల్లో నా సెక్రటరీ కుర్చీ ఎవురికి పోతాదో తెలుసునా నీకు?"

"ఎవురికి సార్?"

"ఆ కథ వద్దులే. తలుపు!"

"బీగంచెవి ఈడే యాడో పెట్టినా..."

"వెతుకు, వెతుకు. అయినా ఇదేం కచేరీనమ్మా! విద్వాంసుడు మేడ మీద, మేము కింద. ఆయన వీపైనా కనబడదే!"

"ఆర్గన్ అంటే అంతే సార్. పారిస్ చర్చిలో నలభై ఏండ్లు ఆయన అట్లే వాయించినాడు. వారం వారం విన్నోళ్ళు కూడా రోడ్డు మీద చూస్తే గుర్తుపట్టరంట."

"స్వాగతపత్రంలో నేనూ అదే కదా చదివినా, 'ఆస్థాన విద్వాంసులు' అని."

"పేరు మాత్రం ఎమిల్ రాయరు అని చదివినారు. రువాయే సార్ ఆయన."

"ఆర్, ఓ, వై, ఈ, ఆర్. మైలాపూర్లో దాన్ని రాయరనే అంటాం. ముందు వరసలో ఇద్దరు పెద్దాళ్ళు 'రాయరంటే మాధ్వులా?' అని అడిగినారు. అవునన్నా."

"అవునన్నారా!"

"లేచిపోకుండా కూర్చున్నారు కదా! ఆరో ఏట గురుకులంలో చేరినాడని కూడా చెప్పినా."

"ఆరో ఏట ఆయన వాళ్ళ నాయన రొట్టెల కొట్టులో పిండి మోసేవాడు సార్. పదేండ్లు దాటేదాకా ఆర్గన్ కింద కాళ్ళతో నొక్కే కట్టెలకు కాళ్ళే అందలేదంట."

"రొట్టెల కొట్టు అంటే ఎవురమ్మా చప్పట్లు కొట్టేది? ఆ... ఆగు, ఆగు! విన్నావా? ఆ స్వరాల పరుగు విన్నావా! వేళ్ళా అవి! ఇది నేర్చుకుంటే వచ్చేది కాదు. ఫ్రెంచి రక్తంలో ఉండాల."

"అట్లాగా సార్?"

"తప్పుగా అనుకోవద్దు. మీ నివేదితకు డిసెంబరు సీజన్లో ఒక కచేరీ అడిగినావే, నేను వద్దనింది ఇందుకే. మనవి ఇడ్లీలు తినే వేళ్ళమ్మా."

"ఆ మాట ఆ పొద్దు కూడా అన్నారు. నాకు కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండతా ఉంది. మీరు మా అమ్మాయి వాయిస్తే ఒక్కసారన్నా వినలేదే!"

"వినాల్నా ఏంది? పేరు చూస్తే తెలియదా?"

"సరి, మా అమ్మాయి సంగతి వదిలేయండి. ఇప్పుడు పైన వాయిస్తా ఉండే వేళ్ళకు డిసెంబరులో కచేరీ ఇస్తారా?"

"ఈ వేళ్ళకా? మెయిన్ హాలు, సాయంత్రం కచేరీ! ఇదిగో, మాట!"

"మీ కమిటీ గోవిందన్ సారు వెనకే నిలబడుండారు. ఆయన ముందర ఇంకోసారి చెప్పండి."

"ఏం గోవిందా, వింటివా? ఇప్పుడు పైన ఎవురు వాయిస్తా ఉండారో వాళ్ళకే ఈ డిసెంబరు సాయంత్రం కచేరీ. నేను చెప్పినాక కమిటీ ఏంది, గిమిటీ ఏంది!"

"విన్నా సార్. నేనే సాక్షి."

"బీగంచెవి దొరికింది సార్. నా కొంగునే ఉంది."

"శభాష్! తియ్యి... ఇదేంది, పైన ఎవురో రొప్పతా ఉండారే?"

"గాలి మోటారు కాలిపోయింది సార్. తిత్తిని కాలితో తొక్కతానే ఉండాల. లేకుంటే గొట్టాలు పలకవు."

"అయ్యో పాపం. ఆ కూలాయనకు కచేరీ అయినాక క్యాంటీన్‌లో టిఫిన్ పెట్టిస్తాలే. గోవిందా, బాలమురుగన్ సారును పిలుచుకొని రా! దొర వేళ్ళు కూడా ఫొటోలో పడాల."

"ఆ వేళ్ళ సంగతే చెప్పాల సార్. సాయంత్రం జ్యోతి వెలిగించేటప్పుడు, ఫొటో సరిగ్గా పడలేదు, ఇంకోసారి, ఇంకోసారి అని అన్ని వత్తులూ ఆయన చేతనే ముట్టించినారు కదా. కుడిచేతి వేళ్ళు బొబ్బలెక్కినాయి."

"బొబ్బలా? బొబ్బలతోనే ఇంత బాగా వాయిస్తా ఉండాడా!"

"వాయిస్తా ఉండేది మా నివేదిత సార్. తిత్తి తొక్కతా ఉండేది మీ రాయరు."