నెరెయో బావ పిడి మెషీను

ఏదీ, ఇలా తే ఆ ఫోను. కళ్ళజోడు లేకుండా నాకేం కనపడుతుంది... ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది. ఇదేంటే గ్రేటా, కాఫీ మెషీనా, రేడియోనా? బిళ్ళ పడేస్తే కాఫీ కారుతుందా? జ్వరమొచ్చినవాడికి మాత్ర వేసినట్టుంది. మరి ఈ పక్కది? గింజలు అదే విసురుకుంటుంది, పాలు అదే నురగ కట్టుకుంటుంది... కప్పులు కూడా అదే కడిగి బోర్లిస్తుందేమో కనుక్కో. నవ్వకు, నవ్వకు. కొత్త కాపురం పెట్టుకుంటున్నావు, ఇంట్లోకి మంచి మెషీను కావాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ ఏది కొనాలి తాతా అని నన్నడిగితే నేనేం చెప్పను? ఆ పని ప్రాణం పెట్టి చేసినవాణ్ణి నేనొక్కణ్ణే చూశాను, మా నెరెయో బావని. నువ్వు పుట్టేనాటికే పోయాడులే. మా ఒండీనా అక్కయ్య మొగుడు. అదిగో, ఆ గోడమీద ఫొటోలో తెల్లకోటు, మీసం... ఆయనే. పొట్టిగా కనపడుతున్నాడా? పొట్టే. బల్ల వెనకాల చెక్కపీట వేసుకుని నిలబడేవాడు.

సాన్ జాకొమో పేటలో చర్చి ఎదురుగా ఉండేదా బార్. ఇప్పుడక్కడ చెప్పుల కొట్టో, ఫోన్ల కొట్టో ఏదో పెట్టారు. నేను రేవులో పనిచేసే రోజుల్లో షిఫ్టుకి ముందు అందరం అక్కడికే చేరేవాళ్ళం. ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు. గుమ్మంలో నీ అడుగు పడేసరికి నీ కప్పు బల్లమీద ఉండాలి, అదీ ఆయన పంతం. ఒకడికి నల్లగా, ఒకడికి పాలచుక్క, ఒకడికి చిన్న గ్లాసులో కపుచీనో. అది మన త్రియెస్తె ఊరివాళ్ళకి తప్ప ఇంకెవరికీ చాతకాదనేవాడు. ఒకసారి మిలాన్ నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి, "కపుచీనో ఇంత బుల్లి గ్లాసులోనా? మా ఊళ్ళో గిన్నెడు ఇస్తారు" అన్నాడు. బావ తల కూడా ఎత్తకుండా, "మరే, మీ ఊళ్ళో బ్రెడ్డు నానబెట్టుకుని తింటారుగా, గిన్నే కావాలి" అన్నాడు. బార్ అంతా ఘొల్లుమంది. ఆ పెద్దమనిషి కూడా నవ్వి ఇంకో గ్లాసు తాగి వెళ్ళాడనుకో.

ఊరంతటికీ కాఫీ పోసిన ఆ మనిషి చేతి కాఫీ మా అక్కయ్య మాత్రం ఒక్క చుక్క ముట్టలేదు. నిజం. అదో పెద్ద కథ... పెద్దదేం కాదు, అసలు చెప్పుకుంటే సిగ్గుచేటు అంత చిన్నది. పెళ్ళైన కొత్తల్లో, ఒక ఆదివారం చర్చి అయ్యాక, కొత్త టోపీ పెట్టుకుని మొగుణ్ణి చూద్దామని బార్‌కి వెళ్ళింది. జనం కిటకిటలాడుతున్నారు. ఈవిడ ముందుకీ వెనక్కీ తోసుకుని, తోసుకుని, ఎలాగో బల్ల దాకా చేరింది. బావ ఏమో గ్లాసులు తుడుస్తూ, మొహం కూడా చూడకుండా, "తర్వాత ఎవరండీ? మీరా? ఒక్క నిమిషం ఆగాలమ్మా" అన్నాడట. అని, పక్కనున్న పోలీసాయనకి పోశాడట ముందు. అయిపోయింది. అక్కయ్య ఆ టోపీ అలాగే పెట్టుకుని ఇంటికొచ్చేసింది. "కట్టుకున్న పెళ్ళాన్ని గుర్తుపట్టలేని వాడి చేతి కాఫీ నా గొంతు దిగదు" అని ఒట్టు పెట్టేసుకుంది. బావ ఎన్ని చెప్పాడో. "ఒండీనా, ఆ బల్ల దగ్గర నాకు మొహాలు కనపడవే, కప్పులే కనపడతాయి" అని. "అయితే కప్పునే కట్టుకోవాల్సింది" అంది. మా అక్కయ్య సంగతి నీకు తెలీదు. మా అమ్మతో ఒక కుంపటి గురించి పోట్లాడి మాట్లాడ్డం మానేసింది, కుంపటి తుప్పుపట్టి పోయింది గానీ మాట కలవలేదు. అలా అని కాపురంలో లోటేం లేదు. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసేది, ఆయన జోకులకి నవ్వేది, అన్నీనూ. పొద్దున్నే స్టవ్ మీద మోకా కూజా పెట్టుకుని తన కాఫీ తను కాచుకునేది, అంతే.

సరే, ఏం చెప్తున్నాను... ఆఁ, మెషీను. అప్పుడింకా బావకి పని మానే వయసు రాలేదు, ఉన్నట్టుండి మానేశాడు. ఏమయ్యా అంటే, "యజమాని కొడుకు కొత్త మెషీను పెట్టాడు, అది నాకు పడట్లేదు" అన్నాడు. ఔను కామోసు అనుకున్నాం. వారం తిరక్కుండా, "ఇంట్లోకి ఒక మెషీను కొంటానోయ్, నువ్వు తోడు రా" అని నా వెంట పడ్డాడు. అక్కయ్య విని, "నా వంటింట్లో ఆ ఇంజను పెట్టడానికి వీల్లేదు. ఎవరికోసం? నాకు నా మోకా ఉంది" అంది. బావ మెట్లు దిగుతుంటే నాతో అన్నాడు, "ఒక్క గ్లాసు తాగించాలిరా దానిచేత. ఒక్కటి చాలు" అని. నాకేమో నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ లేని తొందర ఇప్పుడేమిటి బావా అన్నాను. "చలి ఎక్కువగా ఉంది, పద పద" అని మాట మార్చేశాడు.

ఇక చూసుకో, ఊళ్ళో ఏ కొట్టూ వదల్లేదు. పెళ్ళిచూపులకైనా అన్నిళ్ళు తిరగరు. ప్రతి మెషీనునీ ముందూ వెనకా తిప్పి చూడ్డం, లోపల బాయిలర్ రాగిదా ఇత్తడిదా అని తట్టి చూడ్డం, కప్పులు పెట్టే పళ్ళెం మీద అరచెయ్యి ఆనించి వేడెక్కుతోందా అని చూడ్డం. "చల్లటి కప్పులో పోసిన కాఫీ తడిగుడ్డతో ముద్దుపెట్టినట్టుంటుంది" అనేవాడు. ఎల్వీనో అని ఒక కొట్టతను, పాపం మంచివాడు, ఓపిగ్గా మూడు రకాలు దించి పెట్టాడు. ఒకటి, మీట నొక్కితే లోపలి మోటారు నీళ్ళు తోస్తుంది. రెండోది, పొడవాటి పిడి, దాన్ని మన బలంతోనే మొదట్నుంచీ చివరిదాకా నొక్కాలి. మూడోది, అదీ పిడే, కానీ లోపల స్ప్రింగుంటుంది. పిడి కిందికి లాగి వదిలితే అది నెమ్మదిగా పైకెళ్తుంటే లోపలి స్ప్రింగు కాఫీని పిండుతుంది. బార్‌లో బావ జన్మంతా లాగింది అలాంటిదే, కాకపోతే అది గుర్రమంత, ఇది గొర్రెపిల్లంత. ఎల్వీనో ఏమన్నాడంటే, "సార్, ఇంటికైతే మీటదే మంచిది. అమ్మగారు కూడా వాడుకోవచ్చు. ఈ స్ప్రింగుది చెయ్యి జారిందంటే తన్నుతుంది" అన్నాడు. బావకి రోషం వచ్చింది. "నాకు చెప్తున్నావా? నువ్వు పాలు తాగే రోజుల్నుంచీ లాగుతున్నాను దీన్ని" అన్నాడు. అన్నాడు గానీ, లాగి చూడండి సార్ అంటే లాగలేదు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యనే లేదు. "లాగేదేముంది, తెలుసులే. ఇదే కట్టు" అన్నాడు. నేను పట్టించుకుంటేగా. చలికి జేబులో పెట్టుకున్నాడనుకున్నాను.

మోసింది నేనే. ఆ రోజు బోరా గాలి చూడాలి, వీధి మలుపుల్లో తాళ్ళు కట్టారు జనం పట్టుకుని నడవడానికి. గొర్రెపిల్లన్నాను గానీ ఇనుప గొర్రెపిల్ల అది. చేతిలో పెట్టె లేకపోతే ఎగిరిపోదును, పెట్టె ఉండబట్టి నిలబడ్డాను, అలా ఉంది వ్యవహారం. పైగా వాళ్ళది చివరి అంతస్తు, లిఫ్టు లేదు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు తలుపు తీసి, "ఏంటది, కుట్టుమిషనా?" అని అడగడం. అక్కయ్య తలుపు తీసి, పెట్టెని చూసి, నన్ను చూసి, "నీకూ బుద్ధి లేదు" అంది. అంతే, స్టవ్ వైపు తిరిగి మోకాలో నీళ్ళు పోసుకుంటోంది. మా ఇద్దరికీ వీపే కనపడుతోంది.

బావ లోపలికెళ్ళి వచ్చాడు. చూస్తే ఏముంది, బార్‌లో వేసుకునే తెల్లకోటు తొడుక్కుని వచ్చాడు. గుండీలన్నీ పెట్టుకుని, మీసం దువ్వుకుని. నాకు నవ్వు రావాలి, రాలేదు ఎందుకో. మెషీను వేడెక్కింది, ఆవిరి బుసకొట్టింది. కాఫీపొడి నింపాడు, బల్లంతా చిందింది. ఈయనేంటి చిందించడమేంటి అనుకున్నాను. పిడి పట్టుకున్నాడు. కిందికి లాగుతున్నాడు, సగం దాకా వచ్చింది... అప్పుడు చూశాను ఆ చెయ్యి. మణికట్టు దగ్గర్నుంచి వణుకు, గాలికి తీగమీద బట్ట కొట్టుకున్నట్టు. జారింది. ఆ పిడి ఎగిరి వచ్చి గడ్డం కింద ఫాట్‌మని తగిలింది. పెదవి చీలింది, ముందుపన్ను సగం విరిగింది, తెల్లకోటంతా రక్తం. అక్కయ్య తిరిగింది. మొహం వంక కాదు చూసింది, చేతి వంక. అదింకా ఆడుతూనే ఉంది. బావ దాన్ని రెండో చేత్తో పట్టుకుని దాచుకుంటున్నాడు, దొంగతనం చేసినవాడిలాగా.

"ఎప్పట్నుంచి?" అంది. "పోయిన చలికాలం నుంచి." "బార్‌లో పని అందుకే మానేశావా?" ఊఁ అన్నాడు. "నాతో చెప్పొద్దూ?" బావ రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే చెప్పాడు, "ఇది పూర్తిగా పోకముందే నీకో గ్లాసు ఇద్దామనుకున్నానే" అని. అక్కయ్య ఐసుముక్కలు గుడ్డలో చుట్టి మూతికి అదిమింది, కాస్త గట్టిగానే అదిమింది. తర్వాత నా మీద పడింది. "చూస్తావేంట్రా? పీకు దాన్ని. తీసుకెళ్ళి ఆ కొట్టువాడి మొహాన కొట్టు" అని. నేను ప్లగ్గు పీకడానికి వంగాను. బావ కుర్చీలో కూర్చుని, ఆ కోటు విప్పి, వణుకుతున్న చేత్తోనే మడత పెడుతున్నాడు. మడత కుదరట్లేదు. మళ్ళీ విప్పుతున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. అక్కయ్య కాసేపు చూసింది. "ఆగరా" అంది నాతో. ఏప్రన్ బిగించుకుంది. మెషీను ముందు నిలబడి, "ఇదెంతవరకు లాగాలి?" అంది.

బావ తలెత్తాడు. "కిందిదాకా. రెండు చేతులూ వెయ్యి. మొహం దూరంగా పెట్టు" అన్నాడు. చేపల ఫ్యాక్టరీలో పెట్టెలెత్తిన చేతులమ్మా మా అక్కయ్యవి. లాగింది. దిగిన కాఫీ తారులా ఉంది, నేను మాత్రం తాగనని చెప్పేశాను. బావ తాగాడు, ఆ చీలిన పెదవితో. "ఎలా ఉంది?" అంది. "వేడిగా ఉంది" అన్నాడు. పెళ్ళాం మనసు కష్టపెట్టకుండా ఇంకేం చెప్పగలడు చెప్పు.

మెషీను తిరిగివ్వలేదు. పొద్దున్నే నేను రేవుకి పోతూ వాళ్ళింటికెళ్ళేవాణ్ణి. బావ బల్లకి ఇవతల కుర్చీలో, ఆవిడ అవతల. "పొడి ఇంకా సన్నగా విసరాలి." "నాకు తెలుసు." "తెలిస్తే మరి నీళ్ళలా ఎందుకు కారుతోంది?" "నీళ్ళు పోశాను గనక." ఇలా ఉండేది వరస. ఒక్కోసారి కావాలని నాకు ముందు పోసి, బావ వంక చూడకుండా, "తర్వాత ఎవరండీ? ఒక్క నిమిషం ఆగాలి" అనేది. బావ నవ్వి నవ్వి దగ్గేవాడు. పాలు మాత్రం చాలా ఏడిపించాయి. ఒకరోజు గోడకి చిందేవి, ఒకరోజు సబ్బునురగలా బుడగలు. చూడకు, విను అనేవాడు బావ. ఆవిరి పాలల్లోకి దిగేటప్పుడు గుడ్డ చింపిన చప్పుడొస్తుంది, ఆ తర్వాత చప్పుడు మెత్తబడుతుంది, మెత్తబడి మళ్ళీ బరువెక్కబోతుండగా ఆపాలి. "ఇప్పుడు" అనేవాడు. ఆవిడ ఆపేది. అలా అలా ఒక రోజు, చిన్న గ్లాసులో, గోధుమరంగు పైన తెల్లటి నురగ, కత్తితో కోసినట్టు కుదిరింది. బావ దాన్ని ఎడంచేత్తో ఆవిడ వైపు జరిపాడు. తాగింది. నిలబడే, గుటక గుటకగా, చెంచాతో అడుగు గీకి మరీ తాగింది. "ఒట్టు తీరిందా అయితే?" అన్నాడు. "ఎలా తీరుతుంది? చేసింది నేను. నీ చేతి కాఫీ నేనెప్పుడు తాగాను?" అంది. తీరిందని నేనంటాను, లేదని ఆవిడ అనేది. తను పోయేదాకా అదే మాట.

ఎలాగో చాలా ఏళ్ళే గడిచాయి అలా. బావకి వణుకు చేతిలోంచి కాళ్ళలోకి దిగింది. కుర్చీలోంచి మంచానికి వచ్చాడు. మంచం వంటింటి పక్కగదిలో, మధ్య తలుపు తీసే ఉంచేవాళ్ళు. మాట కూడా తగ్గిపోయింది, అడిగితే కళ్ళతో చెప్పడమే. కానీ పొద్దున్న అక్కయ్య పాలకూజా పట్టుకుని ఆవిరి వదిలిందంటే, అటు నుంచి వచ్చేది, సన్నగా, "ఇప్పుడు" అని. అక్కయ్యకి ఎప్పుడో చేతనయింది. కళ్ళు మూసుకుని చెయ్యగలదు. అయినా ఆ మాట వినపడేదాకా ఆపేది కాదు.

ఆ రోజు నాకు పొద్దున్నే ఫోను చేసింది. గొంతేం మారలేదు, మామూలుగానే ఉంది. "పాలు పొంగిపోయాయిరా, మెషీనంతా పొంగిపోయాయి" అంది. ఆ తర్వాత, "ఒకసారి ఇంటికి రా" అంది.

...

ఆ కిటికీ రెక్క వెయ్యమ్మా, గాలి లేస్తున్నట్టుంది. గొళ్ళెం కూడా పెట్టు.