సంగిడి దింపడం నేర్పిన గవిరమ్మ

గవిరమ్మని ఒకావిడుండేదంట, మా ఇప్పలవలసలోనే, దిగువీధిలో. ఏం పనంటే వడ్లు ఉడకబెట్టడం. ఊరందరి వడ్లూ ఆవిడ పొయ్యి మీదే ఉడకాల. ఇద్దరు మగోళ్ళు పట్టుకుంటే గాని కదలని కాగు, సలసలా మరుగుతున్న కాగు, ఆవిడొక్కతే పొయ్యి మీంచి దింపీసేదంట. ముప్పయ్యేళ్ళు దింపింది, ఒక్కరోజు నడుం నొప్పని మంచమెక్కలేదు. నమ్మకపోతే మానీండి, మా యమ్మ కళ్ళారా సూసింది. ఆవిడికో మేనల్లుడు, తవిటినాయుడని. అన్నా వదినా పోతే ఈవిడే పెంచింది. మనిసెలాగుంటాడనుకున్నారు? మా ఇళ్ళ గుమ్మాల్లోంచి నేరుగా రాలేడు, పక్కకి తిరిగి రావాల. మా ఊరికి సంగిడి ఎత్తేవోడు ఆడే. సంగిడంటే మీ టౌనోళ్ళకి తెలీదు గావాల, రాసుకోండి సరిగ్గా: సింతకర్ర, దాని రెండు కొసలకీ తిరగలి రాయికంటే పెద్ద రాళ్ళు రెండు.

యేడాదికోపాలి అమ్మోరి పండక్కి మా ఊరోళ్ళూ బొండపేటోళ్ళూ వంతులేసుకుని ఎత్తేవోళ్ళంట. నువ్వోపాలి, నానోపాలి. నెత్తి మీదికెత్తాల, మళ్ళీ కిందెట్టాల. పక్కనే ఓ మూకుడు, నిండా పసుపు నీళ్ళు. రాయి ధబీమని పడి ఆ నీళ్ళు ఒలికినాయా, అమ్మోరికి కోపం, ఆడు ఓడిపోయినట్టే, గాని అవతలోడు ఆ ఎత్తు ఒలక్కుండా దింపితేనే గెలిసినట్టు. గెలిసినోళ్ళు సంగిడిని ఊరేగించుకుని ఆళ్ళూరు అట్టుకుపోతారు. వరసగా మూడేళ్ళు గెలిసినారనుకో, ఇంక ఆ రాయి ఆళ్ళదే, మళ్ళీ పందెం మాటే నేదు. మా తాతల తాతలు సెక్కిన రాయది. అలాంటిది బొండపేటోళ్ళు రెండేళ్ళు గెలిసీసినారు. ఆ రెండో యేడే ఏటైందంటే, తవిటినాయుడు ఏడో ఎత్తు ఎత్తనే ఎత్తినాడు, దింపుతుండగా నడుం కాడ కలుక్కుమంది. రాయి పడింది, నీళ్ళు ఒలికినాయి, ఆడూ పడిపోనాడు. బొండపేటోళ్ళు ఈలలు, కేకలు. మా ఊరోళ్ళకి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ఉస్తాదు గురయ్యని ఒకాయన, కుర్రోళ్ళకి సాము నేర్పేవోడు, మంచోడే గాని పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. తవిటినాయుణ్ణి బోర్లా పడుకోబెట్టి, కాగిన నువ్వుల నూనె పట్టించి, ఇద్దరు కుర్రోళ్ళని నడుం మీదెక్కి తొక్కమన్నాడంట. ఆడు గావుకేకలు. గవిరమ్మ పొయ్యిలో కట్టె అట్టుకుని పరిగెట్టుకొచ్చింది. దిగండ్రా ఎదవల్లారా! వాపు ఇంకా పొంగుతుంటే దాని మీద ఏడినూనె ఏటిరా, తొక్కుడేటిరా, పిండి పిసుకుతున్నారా ఏటి! ఆళ్ళు దిగిపోనారు. ఆవిడ పక్కన కూకుని, నాయినా, కాలు తిమ్మిరెక్కుతుందేట్రా, కాలి యేళ్ళు కదుపోపాలి అంది. యేళ్ళు కదిలినాయి. హమ్మయ్య అనుకుంది. కుండ అడుగున సల్లటి నీళ్ళతో గుడ్డ తడిపి ఏసింది, పక్కకి తిప్పి మోకాళ్ళ మజ్జిన తలగడ ఎట్టింది. గురయ్య మండిపోయి, వడ్లు ఉడకబెట్టుకునేదానివి, నీకేటి తెలుసే ఒళ్ళు సంగతి అన్నాడు. ఆవిడేటందంటే, బావా, నీ కాడ సాము నేర్సినోళ్ళలో నడుం మంచిగున్నోడిని ఒక్కణ్ణి సూపించు అంది. సూపించనేకపోనాడు. మరి ఉంటే గదా!

మర్నాడు పెద్దలు కూకున్నారు. పెద్దనాయుడు సన్నాసిదొరని, ఆయన అడిగినాడు, అమ్మా గవిరమ్మా, వచ్చే యేడు ఎత్తుతాడా ఎత్తడా? ఈవిడంది, ఎత్తుతాడు, గాని నాకొదిలీయాల, ఎవులూ మజ్జినొచ్చి సెప్పకూడదు. ఓడిపోతే? ఓడిపోతే నా పేరు సెప్పుకుని తిట్టుకోండి, ఊరొదిలి పొమ్మన్నా పోతాను. అనీసింది గాని ఇంటికొచ్చినాక భయం పట్టుకుందంట. రాయి పోవడం ఒకెత్తు. ఆడి నడుం మళ్ళీ ఇరిగితే? రెక్కాడితే గాని డొక్కాడని బతుకు, జన్మంతా మంచం మీదుంటే ఆణ్ణెవులు సూస్తారు? ఎంత బరువు నెత్తి మీదేసుకున్నానే అని పొయ్యి ముందు కూకుని ఏడిసింది కూడాను.

పొద్దున్న లేసి కళ్ళు తుడుసుకుని మొదలెట్టింది. మొదట నడక. సెరువు గట్టుదాకా, మళ్ళీ ఎనక్కి. అంతే. నెల్లాళ్ళు నడకేనంట! ఊరంతా ఒకటే నవ్వు, సంగిడి ఎత్తరా అంటే పెళ్ళికూతురిలాగ నడుస్తున్నాడని. ఆ తర్వాత ఆడోళ్ళతోపాటు ఊడుపుకి తోలింది, వంగకురా, గొంతుక్కూకో, మోకాళ్ళు వంచు, నడుం నిటారుగా ఉంచు అని. రోజూ పనికి ముందు ఒళ్ళు ఏడెక్కేదాకా భుజాలు తిప్పాల, గుంజీళ్ళు తియ్యాల. ఒకరోజు పనయితే ఒకరోజు పడక. నాగలి దించి ఎద్దుకైనా మేతేస్తారు గదరా, నీ ఒళ్ళు ఎద్దుకంటే తక్కువా అనేది. ఎందుకే అత్తా ఇంత మెల్లగా అని ఆడు సిరాకు పడితే, ఒరే, సిక్కుడుపాదుకి ఒక్కరోజే కడవెడు నీళ్ళు పోస్తే కాస్తాదేటిరా అనేది.

అసలు సంగతి ఇనండి. బరువు పట్టించినాక కూడా ఎత్తనియ్యలేదు! ఇసక మూట ఇద్దరు కుర్రోళ్ళు ఎత్తి ఆడి సేతుల్లో ఎట్టాల. ఆడు మెల్లగా, మెల్లగా కిందికి దింపాల. మళ్ళీ ఆళ్ళే ఎత్తాల, ఈడు దింపాల. గురయ్య సూసి, ఓర్నాయనో, ఇదెక్కడి సాము, ఎత్తడం మానేసి దింపడం నేర్పుతుందిరా అని సంతలో కూడా సెప్పుకున్నాడు. గవిరమ్మ లెక్కేటంటే, మగోడికి ఎత్తినప్పుడు అందరూ సూస్తారు, డప్పులు కొడతారు, అందుకే ఎత్తడం నేర్సుకుంటాడు. దింపినప్పుడెవులూ సూడరు, నడుం పోయేది అప్పుడే. ముప్పయ్యేళ్ళు కాగు దింపిన మనిసికి ఆ మాత్రం తెలీదేటండీ!

ఐదో నెల్లో ఏటైందంటే, ఆడికి ఒళ్ళు బాగున్నట్టనిపించింది. నొప్పి నేదు గదాని అత్తకి తెలీకుండా మిల్లు కాడ బస్తా గబుక్కున ఎత్తీసినాడు. అంతే, మళ్ళీ పట్టీసింది. కుంటుకుంటూ ఒచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తిడతాదనుకున్నాడు. తిట్టలేదు. నొప్పి పోనాదంటే మానిపోయినట్టు కాదురా, పుండు మీద పొక్కు కట్టిందంతే అని, రేపు సెరువు గట్టు కాడికి నడిసిరా అంది. మళ్ళీ మొదట్నుంచీ! ఆడు పసిపిల్లాడిలాగ ఏడిసినాడంట. ఏడిస్తే ఏడిసినాడు, నడిసినాడు.

పండగొచ్చింది. ఈ పక్క తవిటినాయుడు, ఆ పక్క బొండపేటోడు, రాజులని ఒకడు, సూడ్డానికి మద్ది మానులాగున్నాడు. ఒకటి, రెండు, మూడు, డప్పులు మోగిపోతన్నాయి. రాజులు ఎత్తినప్పుడల్లా అరుపు, మీసం మెలేత. మావోడు కిమ్మనడు. ఎత్తుతాడు, కూకున్నట్టుగా దింపుతాడు, తువ్వాలతో మొకం తుడుసుకుంటాడు. ఏడోది ఇద్దరూ ఎత్తి దింపీసినారు. ఎనిమిదోది రాజులు ఎత్తినాడు, ఉన్న మాట సెప్పుకోవాల, మా బాగా ఎత్తినాడు. దింపుతుంటే నడుం వంచీసినాడు. ధబీమంది. మూకుడు ఎగిరి పడింది, నీళ్ళన్నీ మట్టిలో కలిసిపోనాయి, రాజులు నడుం పట్టుకుని కూలిపోనాడు. మా ఊరోళ్ళు ఎగిరి గంతులేస్తుంటే బొండపేటోళ్ళు ఆణ్ణి బోర్లా తిప్పి తొక్కడానికి తయారు. గవిరమ్మ ఆగిందనుకున్నారా? ఆడోళ్ళు దాటకూడని ముగ్గు గీత దాటుకుని సరాసరి ఎల్లిపోనాది. సెయ్యెయ్యకండ్రా ఆడి మీద! తడిగుడ్డ తెండి! అవతలూరోడే కావచ్చు, ఆడికీ ఓ తల్లుంది! ఆ గొంతుకి బొండపేటోళ్ళు నోళ్ళెళ్ళబెట్టి తడిగుడ్డ తెచ్చినారు. రాజులు కాలి యేళ్ళు కదిపించి, పక్కకి తిప్పి పడుకోబెడుతూ కూడా ఈ పక్కకి కేకేసింది, ఒరే తవిటీ, అలా దిమ్మిసాలాగ నిలబడిపోకురా, ఒళ్ళు సల్లబడిపోతాది, డప్పుకి సిందెయ్యి! తవిటినాయుడు అడుగేసి ఆడినాడు. వందమంది సూస్తుండగా ఓడేదో గెలిసేదో తేలకుండానే ఆడినాడు.

కొత్త మూకుడెట్టినారు. తవిటినాయుడు సంగిడి కాడికొచ్చినాడు. గొంతుక్కూకున్నాడు, ఊపిరి పీల్సినాడు, లేపినాడు. నెత్తి మీదికెల్లింది. అప్పుడు మొదలెట్టినాడు దింపడం. గుండెల కాడికి, నడుం కాడికి, మోకాళ్ళ కాడికి. రాయి నేలకి తగిలింది. మూకుట్లో నీళ్ళు కదల్లేదు! ఓలమ్మో, ఆ అరుపులు, ఆ కేకలు! సన్నాసిదొర ముసలాయన, ఆయన కూడా తలపాగా ఇసిరీసినాడు. గురయ్యొచ్చి గవిరమ్మ ముందు సేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంక జనానికి ఆశుంటాదేటి? ఇంకోటెత్తరా తవిటీ, బొండపేటోళ్ళు సూడాల, ఇంకోటి, ఇంకోటి! డప్పులోళ్ళు రెచ్చిపోనారు, పెద్దనాయుడే మొదలెట్టినాడు అరవడం. పాతికేళ్ళ కుర్రోడు, గెలిసున్నాడు, ఒంట్లో రకతం ఉడుకుతుంది. ఎవులాగుతారు సెప్పండి? నానైతే ఎత్తీద్దును. ఆడు తలెత్తి అత్తకేసి సూసినాడు. అత్త ఏటీ అనలేదు, తలకూడా ఊపలేదు, నీ ఇట్టమన్నట్టు సూసింది. ఆడు తువ్వాలు తీసి బుజమ్మీదేసుకుని, సాలండి బావూ, ఈయాలకి సాలు, అని సంగిడికి దణ్ణమెట్టి ముగ్గు దాటి బయటికొచ్చీసినాడు. అప్పుడేడిసిందంట గవిరమ్మ, అందరి ముందూ, కొంగు కూడా అడ్డమెట్టుకోకుండా. రాయి గెలిసినప్పుడు ఏడవలేదు సుమా.

అదండీ సంగతి. ఎత్తమంటే ఎత్తేవోళ్ళు ఊరికి పదిమందుంటారు. అంతమంది అరుస్తుంటే సాలన్నోడు మట్టుకు నానిన్నంతలో ఒక్కడే, ఆడు మా ఊరోడు. ఏటంటారు, ఆళ్ళు నాకేటవుతారనా? ఏటీ కారు. గొప్ప సెప్పుకోడానికి సుట్టరికం కావాలేటండీ!