పెట్రోలు తాగిన గుండీ

దేవరకొండ, 1963. బస్టాండు వెనుక ఆయిల్ ఇంజన్ల మిస్త్రీ గుర్వయ్య షెడ్డు. నిన్నటి నుంచి అక్కడే ఉన్న తన రెండు సీట్ల విలాయతి కారును చూడటానికి దొర వచ్చాడు.

"డ్రైవర్ ఎల్లయ్యను ఎందుకు తీసేసిన్రు దొరా?"

"దొంగను పెట్టుకుంటరా? గడీ ముంగట నలుగుర్ల నిలబెట్టి చెప్పిన, నా పెట్రోల్ అమ్ముకుంటున్నవని. రెండు టాంకీలు పట్టే కాడ నాలుగు పడుతున్నయి. గా ముచ్చట నీకెందుకు? నల్ల పొగ సంగతి చూడు."

"పొగ, పెట్రోల్ ఒక్కటే రోగం దొరా. గీ డబ్బీ చూడున్రి. పంపు పెట్రోల్‌ను ఇంజన్లకు తోస్తది. జోరెక్కువైతే గీ స్ప్రింగు అణిగి మూత లేస్తది. ఎక్కువైంది గీ పైపుల నుంచి మళ్ల టాంకీలకే పోతది."

"నాకు తెల్వదా? కారుతోని వచ్చిన పుస్తకం అంత చదివిన."

"చదివిన్రు దొరా. కని ఎవరో స్ప్రింగు కింద బిళ్ల పెట్టిన్రు. స్ప్రింగు బిగిసింది, మూత లేస్తలేదు. జోరంత ఇంజను మీదికే. కాలినంత కాలింది, మిగిలింది పొగైంది."

"ఎల్లయ్యనే పెట్టిండు."

"ఇత్తడి బిళ్ల దొరా. షేర్వానీ గుండీ. వెనక కొండి కోసి ఆకురాయితోని రాసిన్రు."

"అయితే?"

"మీద మీ గడీ గుర్తున్నది. పులి మొకం."

"జర మెల్లగ మాట్లాడు. హుజూర్‌నగర్ తొవ్వల మా బావమర్ది కారు నన్ను దాటిపోయింది. నవ్వుకుంట పోయిండు. జోరు పెంచితే ఉరుకుతదనుకున్న."

"ఉరికిందా దొరా?"

"పొగొచ్చింది."

"మరి ఎల్లయ్య తప్పేం లేదు కద. పిలిచి ఒక్క మాటంటే..."

"ఏం మాట? తప్పు నాదని, నా డ్రైవర్‌కు నేను చెప్పాల్నా? చూడు గుర్వయ్యా, బిళ్ల తీసినవు. ఇగ పెట్రోల్ మిగులుతది. ఎల్లయ్య పోయిన్నాటి నుంచే మిగులుతాందని ఊరోళ్లే అంటరు. వాడు దొంగ కాదని ఇగ ఎవడంటడు? నాకేం ఫికర్ లేదు. గా గుండీ ఇటియ్యి."

"నా తాన లేదు దొరా."

"ఏడున్నది?"

"పొద్దుగాల ఎల్లయ్య వచ్చిండు. 'అన్నా, నేను దొంగనా?' అని గీడ్నే కూసోని ఏడ్చిండు. గుండీ ఆని చేతుల పెట్టిన. బస్టాండ్ల అందరికి చూపెడుతుండు. మీరు అటు దిక్కే పోవాలె, షేర్వానీ మీద కండువ కప్పుకోన్రి. మూడో గుండీ లేదు."