ఎటు పోతన్నావని అడగని యేడు

చెంచులక్ష్మి గొర్రెల ఓబయ్య కూతురు. తల్లి లేదు పాపం, పిల్ల చిన్నప్పుడే పోయింది. బడి నడిచినన్నాళ్ళూ పొదిలి హాస్టల్లో దిగులుగా ఉండేదంట. హాస్టల్లో అంతమంది పిల్లలుంటారు గదా, దిగులేందంటారా? ఉంటారే, ఎందుకుండరు. ఆదివారమైతే ఒక్కొక్క పిల్లకీ అమ్మో నాయనో వచ్చి గేటు కాడ నిలబడతారు. దీనికెవరూ రారు. ఓబయ్య మందని వదిలిపెట్టి ఎట్టా వస్తాడు? అందుకని ఎండాకాలం సెలవులంటే దీనికి పండగే అనుకో. మంద వెంటే పోయేది, నాయన పక్కనే బీడునేల మీద పడుకునేది, నాయన సద్దిలోనే తినేది. యేడాది మొత్తంలో దానికి ఇల్లంటే అదే.

ఆ యేడు ఏమైందంటే, పిల్ల పెద్దమనిషైంది. ఇంకేం, వీధిలో ఆడోళ్ళంతా చేరి, ఓబయ్యా, ఎదిగిన పిల్లని బీళ్ళెమ్మట తిప్పుతావా, నీకేమన్నా బుద్ధుందా అని తిట్టారంట. ఓబయ్య నోరు లేనోడు, తలకాయ ఊపాడు. మరి పిల్లనెక్కడ పెట్టాల? సెలవులకి హాస్టలు తాళమేస్తారు గదా. అప్పుడు వాళ్ళ టీచరమ్మ మణెమ్మ జెప్పిందంట, ఆడపిల్లలకి ఎండాకాలం క్యాంపులు రెండు పెడతన్నారు, నెలరోజులు, తిండీ పడకా వాళ్ళవే. కందుకూరులో పరుగులు నేర్పుతారు, మార్కాపురంలో కుట్టుపని నేర్పుతారు, ఏది కావాలో నువ్వే జెప్పవే చెంచీ అని. పరుగులే మేడం అనిందంట పిల్ల. ఎందుకనదు? తప్పిపోయిన పొట్టేలెనక పడితే దాన్ని పట్టుకునేదాకా ఆగేది గాదు, అంత కాలు దానిది. తర్వాత ఓబయ్య వచ్చి అడిగితే, పరుగులకి కందుకూరు పోతందని టీచరమ్మ జెప్పింది. మంచిదమ్మా అని ఎళ్ళిపోయాడు.

ఇక్కడ వినండి, ఏయ్, ఇటు చూడండే. ఆ పిల్లకి దిగులు పట్టుకుంది. ఓబయ్య మంద ఏటేటా పడమటికే పోద్ది, మార్కాపురం మీదగా అడివి దిక్కు. కందుకూరేమో తూర్పున, అటు పోతే నాయన కంటికి గూడా కనపడడు. కుట్టుపనికి పోతే, మంద ఆ దాపున ఆగినప్పుడన్నా వచ్చి చూసిపోతాడు గదా. పరుగు యాడికి పోద్దిలే, కాళ్ళు నాయే గదా అనుకుందంట. పోయి, మేడం, నా పేరు కుట్టుకి మార్చమని జెప్పేసింది. మరి నాయనకి జెప్పొద్దా? ఎట్టా జెప్పుద్ది? మన గొర్రెలోళ్ళ పట్టింపు మీకు తెలవందా? పయనమయ్యేవోళ్ళని ఎటు పోతన్నావని అడగరు, పోయేవోళ్ళు జెప్పరు. అడిగితే పోయిన మంద తిరిగి రాదంట. పెళ్ళామైనా అంతే, బిడ్డైనా అంతే. ఆ పొద్దున ఇద్దరూ పయనమే. పిల్ల చెంబుతో మజ్జిగిచ్చింది, ఆయన తాగాడు. జాగర్తమ్మా అన్నాడు. నువ్వూ జాగర్త నాయనా అనింది. అంతే మాట. నన్ను చూసి ఎంత సంబరపడతాడో అని ఇది లోపల్లోపల మురిసిపోతంది, నన్ను చూసి ఎంత సంబరపడుద్దో అని ఆయన మురిసిపోతన్నాడు. ఎందుకంటే ఓబయ్య ఆ యేడు మందని తూర్పుకి తిప్పాడు. ఎవరి కోసం? ఆ, అదీ. టీచరమ్మేమో పిల్లల్ని ముందు పొదిలి తీసకపోయి అక్కడ్నించి ఎవరి బస్సు వాళ్ళని ఎక్కించింది, బిడ్డ ఏ బస్సెక్కిందో ఓబయ్యకి తెలవదు. అప్పుడింకా చేతుల్లో ఫోన్లు లేవులే.

కందుకూరు దాపున మందనాపి, ఉతికిన పంచె కట్టుకుని, తాటిముంజలు మూటగట్టుకుని పోయాడంట ఓబయ్య. ఆదివారం. అమ్మలూ నాయనలూ గేటు కాడ కిటకిటలాడతన్నారు. జన్మలో మొదటిసారి వాళ్ళ మధ్యన తనూ నిలబడ్డాడు. మా చెంచులక్ష్మిని పిలవండమ్మా అంటే, ఆ పిల్ల ఇక్కడ లేదయ్యా, పేరు మార్పించుకుని మార్కాపురం పోయింది అన్నారంట. మందనొదిలి అంత దూరం ఎట్టా పోతాడు? ముంజలు అక్కడున్న పిల్లలకే పంచిపెట్టి వచ్చాడు. అక్కడ మార్కాపురంలో ఇదేమో సాయంత్రమైతే గొర్రెల మెడగంటలు వినపడతాయేమోనని చెవులు రిక్కించుకుని ఉండేదంట. వినపడితే చాలు, మిషను కాడ్నించి లేచి గోడ కాడికి పరుగు. ఏ మందా నాయనది గాదు. ఆఖరికి ఒక కాపరి ఆగి, ఓబయ్య బిడ్డవా? మీ నాయన ఈ యేడు తూర్పుకి బోయాడమ్మా, బిడ్డ కందుకూరులో ఉందని, అన్నాడంట. గోడ పట్టుకుని ఏడ్చింది పిల్ల. చుట్టూ అంతమంది ఆడపిల్లలున్నారా, ఎందుకేడుస్తందో ఒక్కరికీ తెలవదు. వానలు పడి ఓబయ్య ఇల్లు చేరేసరికి బడి తెరిచారు, పిల్ల హాస్టలుకి పోయింది. కూతురు కుట్టిన సద్దిసంచి మాత్రం చిలక్కొయ్యకి ఏలాడతా ఉందంట.

మళ్ళా ఎండాకాలం వచ్చింది, మళ్ళా అవే క్యాంపులు. మంద లేచే పొద్దున చెంచులక్ష్మి గొర్రెలకడ్డంగా నిలబడి, అందరూ వినేటట్టు, "నాయనా, ఎటు పోతన్నావు?" అని అడిగేసిందంట. అమ్మో అమ్మో! ఆడోళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ముసలోళ్ళు తిట్లకి లంకించుకున్నారు. ఓబయ్య ఏంజేశాడు? కర్ర పక్కన పెట్టి, అరుగు మీద కూచుని, మంచినీళ్ళు తాగి, "ముందు నువ్వెటు పోతావో జెప్పమ్మా, నేనూ అటే" అన్నాడంట. పరుగులకి నాయనా అనింది. తూర్పుకే లేచింది మంద.

మరి శకునం సంగతేందంటారా? మంద బంగారంలా తిరిగొచ్చింది. రెండు గొర్రెపిల్లల్ని తోడేలెత్తుకపోయిందిలే, అడక్కపోయినా ఎత్తుకపోద్ది తోడేలు. నేనూ ఆ పట్టింపులోనే పుట్టినదాన్ని, మా ఇంట్లోంచి పోయినోళ్ళని ఎవర్నీ ఎన్నడూ అడగలా. అయినా అందరూ పోయారు, ఒక్కరూ తిరిగి రాలా. ఇంక నాకేం పట్టింపులే. ఏందే, అప్పుడే లేస్తన్నారా? ఎటు పోతన్నారే?